లిస్టులో రాయని తీగ

నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాళ్లంతా వెనకాల నన్ను ఆడిపోసుకునేవాళ్లని నాకు తెలుసు. కరెంటు లేని తీగను కూడా కాగితం మీద ఎక్కించమంటాడు, పీకేసిన స్తంభం గుంతను కూడా చూసి రమ్మంటాడు, ముసలాయనకు చాదస్తం అని. చాదస్తమే, కాదనను. అది నాకు ఎక్కడ అంటుకుందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీలో కొందరు ఇప్పుడు నేను ఎక్కని కుర్చీలు ఎక్కి కూర్చున్నారు. విని నన్ను ఏమన్నా అనాలనుకుంటే నిక్షేపంగా అనొచ్చు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు అది. మదనపల్లె సెక్షనులో నేను లైన్‌మన్‌ని. ఇరవై నాలుగేళ్లు. మా ఇంట్లో నెల జీతం కళ్లచూసిన మొదటివాణ్ణి నేనే. మా నాయన రామసముద్రం దగ్గర ఒకరి చేలల్లో కూలికి పోయేవాడు. ఖాకీ నిక్కరు వేసుకొని, తోలు బెల్టుకు కటింగ్ ప్లేయరు తగిలించుకొని సైకిలు మీద పోతుంటే ఊళ్లో పెద్దవాళ్లు కూడా పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు. ఆ రోజుల్లో జనానికి కరెంటంటే దయ్యమంటే ఉన్నంత భయం. ఆ భయంలో కొంత మర్యాదగా మారి మాకూ దక్కేది. దాన్ని నేను బాగానే అనుభవించాను, అబద్ధం ఎందుకు.

ఆ ఏడు తొలి వానలకు వేసిన వేరుశనగకు కంబళి పురుగు పట్టింది. ఒళ్లంతా ఎర్రటి వెంట్రుకలున్న పురుగు. ఒక చేను తినేసి, గుంపు కట్టి, దారి దాటి ఇంకో చేనికి పోయేది. పుంగనూరు రోడ్డు మీద బస్సు చక్రాలు వాటి మీద జారేవి. పొద్దుగూకే వేళ చేని గట్టు మీద నిలబడితే ఆకు నమిలే చప్పుడు వినపడేది. సన్నగా వాన పడుతోందేమోనని చెయ్యి చాపి చూసుకున్నవాళ్లున్నారు.

చేత్తో ఏరి, కందకాలు తవ్వి, మంటలు పెట్టి అలిసిపోయాక వ్యవసాయ శాఖ వాళ్లు మద్రాసులో ఎవరో కంపెనీవాళ్ల దగ్గర ఒక విమానం మాట్లాడుకొచ్చారు. యుద్ధంలో కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పిన పాత బండి అది. రెక్కలు ఒకదాని మీద ఒకటి రెండు వరసలు. ముందు సీటు తీసేసి, అక్కడ రేకు పెట్టె బిగించి, అందులో పురుగుల మందు పొడి పోసేవారు. నేలకు మనిషి ఎత్తున ఎగురుతూ ఆ పొడిని చేని మీద వదలాలి. అంత కిందగా ఎగిరేవాడికి చెట్లు కనపడతాయి, గుడిసెలు కనపడతాయి. కనపడనిది తీగ ఒక్కటే. అందుకని ఎక్కడెక్కడ తీగలున్నాయో లిస్టు రాసిమ్మని, చూపించడానికి ఒక మనిషిని పంపమని మా ఆఫీసుకు ఉత్తరం వచ్చింది.

మా ఇన్‌స్పెక్టరు రెండు పనుల్లో ఘనుడు. ఒకటి సంతకం పెట్టడం, రెండోది పనిని పక్కవాడి మీదికి తోసేయడం. ఉత్తరం నా ముందు పడేసి, "పుంగనూరు నుంచి కుప్పం దాకా నీ కాలు తొక్కని స్తంభం లేదు గదా, నువ్వే రాయి," అన్నాడు. నోటుబుక్కులో కాగితం చించి పదకొండు చోట్లు రాశాను. ఏ ఊరు, ఏ చేను, ఎన్ని స్తంభాలు, తీగ ఎంత ఎత్తు, అన్నీ. ఆయన చదవకుండా సంతకం పెట్టాడు. చదివినా ఆయనకు తెలిసేది కాదు.

విమానం పుంగనూరు దగ్గర ఎండిన చెరువు బయలులో దిగింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ గట్టు మీదే ఉన్నాయి. తోలు టోపీ తీసి కిందికి దిగిన మనిషిని చూసి నేను అటెన్షన్‌లో నిలబడి గుడ్ మార్నింగ్ సార్ అన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైకి చూసి నవ్వాడు.

"సారేందప్పా. మీది రామసముద్రం పక్క కదా, యాస ఇంటేనే తెలస్తాండాది. మాది మదనపల్లే. మిషన్ కాంపౌండు."

అతని తల్లి మిషన్ ఆసుపత్రిలో నర్సమ్మ. తండ్రి చిన్నప్పుడే పోయాడు. బడి అయ్యాక యుద్ధంలో చేరి, విమానం నేర్చుకొని, బర్మా వైపు తిరిగి, ప్రాణంతో వచ్చాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. అంత మనిషి నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఒకే గిన్నెలో బొరుగులు తిన్నాడు. నాకు అతనంటే ఇష్టం కలగడానికి అరపూట కూడా పట్టలేదు.

అతని పని పద్ధతి ఒకటుంది. మందు చల్లేది తెల్లవారగానే. అప్పుడు గాలి ఉండదు, ఆకు మీద మంచు తడికి పొడి అంటుకుంటుంది. ముందురోజు సాయంత్రం మాత్రం ఆ చేను చుట్టూ కాలినడకన తిరగాల్సిందే. నేను లిస్టు చదువుతాను, అతను ఒక్కో స్తంభం దగ్గరికి పోయి చేత్తో తట్టి వస్తాడు. తీగ వైపు తలెత్తి కూడా చూడడు. రెండో రోజు అడిగాను, యాల చూడవని.

"సూసినా లాభం లేదప్పా. పైకి పోతే తీగ ఉండదు. స్తంభాలు మాత్రం ఉంటాయి, సేతులు సాపుకొని మనుషులు వరసగా నిలబడినట్ల. వాళ్ల మద్దెలో ఏమీ ఉండదు. ఉండాదని నువ్వు సెప్పినావు కాబట్టి ఉండాదని నమ్మి పైకి లేపతాను. అంతే."

"నమ్మకం మీదనా ఎగిరేది?"

"నమ్మకం మీదనే. నీ నమ్మకం మీద."

ఆ మాటకు నేను పొంగిపోయాను. అది ఎంత బరువైన మాటో అప్పుడు నాకు తెలియలేదు.

పుంగనూరులో మూడు రోజులు చల్లాడు. చేనికి రెండు కొసల్లో జెండా మనుషులు నిలబడాలి. పొడుగాటి వెదురు కర్రకు తెల్లగుడ్డ కట్టి ఎత్తి పట్టుకుంటే, దాన్ని గురిగా పెట్టుకొని విమానం నేరుగా వస్తుంది. తల మీదుగా దాటిపోయాక జెండా మనిషి పదిహేను అంగలు పక్కకు జరగాలి. తర్వాతి సాలు అక్కడ. ఏదైనా అడ్డముంటే జెండా కింద పడేసి పక్కకు పరుగెత్తాలి. అది రావద్దనడానికి గుర్తు. రెండో కొసలో కంపెనీ మెకానిక్కు నిలబడేవాడు. ఈ కొసకు మొదటి రోజు కూలీలు వచ్చారు. రెండో రోజు ఒక్కరూ రాలేదు.

ఎందుకు రాలేదంటే, మందు చల్లిన చేలు చూశాక ఎవరికీ రాబుద్ధి కాలేదు. ఆకులు, గట్లు, రాళ్లు, కట్టేసిన ఎద్దులు, ఎద్దుల కనురెప్పలు, అన్నీ తెల్లగా ఉన్నాయి. పురుగులు ఆకుల మీదినుంచి రాలుతుంటే చాలాసేపు చిటపటమని వినపడింది. తర్వాత అది కూడా ఆగిపోయింది. కీచురాళ్లు లేవు, కప్పలు లేవు. పురుగుల్ని తినడానికి వాలిన గోరింకలు సాళ్ల మధ్య కాళ్లు పైకి పెట్టుకొని పడి ఉన్నాయి. పంట బతికిందని రైతులు సంతోషపడ్డారు గానీ పిల్లల్ని మాత్రం ఇంట్లోంచి బయటికి పంపలేదు. నేను ఆ చేనిలో నడుస్తుంటే నా అడుగుల చప్పుడు నాకే కొత్తగా ఉంది. ఇంక కూలీలు దొరకరని జెండా నేనే పట్టుకున్నాను.

నాలుగో రోజు కుప్పం. అతను విమానంలో పోయాడు. నేను బస్సులో పోయాను. దారిలో టైరు పోయి, వాగు దగ్గర ఆగి, నేను చేరేసరికి దీపాలు పెట్టారు. సన్నగా చినుకులు పడుతున్నాయి. అతను ముసాఫరు బంగళా అరుగు మీద కూర్చొని నా కోసం చూస్తున్నాడు. చేను అక్కడికి రెండు మైళ్లు.

"పోదామా?" అన్నాడు. "నడిసి రాకుంటే నాకు నిద్ర పట్టదు."

నా ఒళ్లు హూనమై ఉంది. పైగా ఆ చేను నాకు తెలుసు. లిస్టు తీసి లాంతరు దగ్గర పెట్టి చూపించాను. పదో నంబరు, పదకొండో నంబరు కుప్పంవి. రెండూ రోడ్డు పక్కన, చేనికి దూరం.

"ఆ సేన్లో ఏమీ లేదు. చినుకుల్లో యాల పోయేది? పడుకో."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదప్పా. నేను సెప్తాండాను కదా."

"సరే అయితే," అని లేచిపోయి పడుకున్నాడు. అతను పద్ధతి తప్పింది ఆ ఒక్క సాయంత్రమే. తప్పించింది నేను.

ఆ చేనిలో ఏముందో ఇప్పుడు చెబుతాను. యుద్ధం రోజుల్లో కుప్పం అవతల గుట్ట పక్కన సైనికులకు గుడారాలు వేశారు. వాళ్ల కోసం మూడు తీగల లైను ఒకటి లాగారు. యుద్ధం అయిపోయింది, గుడారాలు పోయాయి. లైను మొదలయ్యే స్తంభం దగ్గర తీగలు కోసి కరెంటు ఆపేశారు. స్తంభాలు, వాటి మీద తీగలు అట్లే ఉండిపోయాయి. విప్పి తెమ్మని రాసిన కాగితం ఏ ఆఫీసులోనో ఏ కట్టలోనో నిద్రపోతోంది. ఆ లైను ఒక మూల మీదుగా ఏటవాలుగా ఈ వేరుశనగ చేనిని దాటుతుంది.

దాన్ని నేను దాచలేదు. నాకు గుర్తుకే రాలేదు. మీరు ఈ పనిలో ఉన్నవాళ్లు కాబట్టి మీకే అర్థమవుతుంది. మన లెక్కలో తీగంటే ముట్టుకుంటే చంపేది. చంపనిది తీగే కాదు. ఆ పక్క పనికి పోతే మేమంతా ఆ లైను కిందే కూర్చొని అన్నం తినేవాళ్లం. తడి చొక్కాలు ఆరేసేవాళ్లం. ఒకసారి గొర్రెలు మేపే అవ్వ ఒకామె మమ్మల్ని చూసి దూరంగానే ఆగింది.

"ఆ తీగ కింద మేము కూసోమప్పా. గాలి లేకున్నా అరస్తాది."

"దాంట్లో కరెంటు లేదవ్వా, పేణం లేని తీగ," అని నవ్వాను.

"పేణం లేనిదానికి నోరు యాల?" అని గొర్రెల్ని తోలుకొని చుట్టు దారిన పోయింది.

మేం చాలాసేపు నవ్వుకున్నాం. చదువురాని ముసలామె, మనం డిపార్టుమెంటు వాళ్లం కదా.

తెల్లవారి మంచు దట్టంగా ఉంది. కుప్పం పక్క ఆ కాలంలో అట్లే ఉంటుంది. పది అంగల అవతల ఏమున్నదీ బూడిద రంగులో కలిసిపోయింది. నేను చేని కొసకు పోయి, పొడి పడకుండా మంచి చొక్కా విప్పి, అన్నం క్యారియరుతో పాటు అక్కడున్న ఒక స్తంభం తాలూకు స్టే తీగకు తగిలించాను. స్తంభం వాలకుండా నేలకు లాగి కట్టే తీగ అది. నా చేతులతో తగిలించాను. అప్పటికీ నా బుర్రలో ఏమీ మెదల్లేదు. అక్కడినుంచి చాలా అంగలు ఎడమకు పోయి మొదటి సాలు దగ్గర జెండా ఎత్తి నిలబడ్డాను.

కాస్త మంచు పలచబడగానే విమానం చప్పుడు వినపడింది. మొదటి సాలు. మంచులోంచి అది మెల్లగా పెద్దదై, వెనక తెల్లటి పొడి తోక వదులుతూ, నా జెండా దాకా వచ్చి పైకి లేచి పోయింది. పదిహేను అంగలు కుడికి జరిగాను. రెండో సాలు. మళ్లీ జరిగాను. లైను ఏటవాలుగా పోతుంది కాబట్టి మొదటి సాళ్లలో అది నా వెనక దూరంగా ఉంది. అతను దాన్ని చూడకుండానే దాని మీదుగా లేచి పోతున్నాడు. నేను కుడికి జరిగిన కొద్దీ అది నాకు దగ్గరవుతోంది. మూడోది. నాలుగోది. పదిహేనేసి అంగలు సరిగ్గా లెక్కపెట్టుకుంటూ, ఎక్కడా తేడా రాకుండా, నేను అతన్ని దాని దగ్గరికి తీసుకుపోతున్నాను.

అయిదో సాలుకు నిలబడ్డచోట నా చొక్కా చేతికి అందేంత దగ్గరలో ఉంది. విమానం ఇంకా అటు కొసన మలుపు తిరుగుతోంది, దాని చప్పుడు దూరంగా ఉంది. అప్పుడు నా తల మీద ఇంకో చప్పుడు వినపడింది. సన్నగా, ఒకటే స్థాయిలో, పళ్లు బిగించుకొని ఎవరో మూలిగినట్టు. గాలి లేదు. నా చేతిలో జెండా గుడ్డ కూడా కదలడం లేదు. తల ఎత్తి చూశాను.

మూడు తీగలు. వాటి పొడుగునా మంచు బొట్లు వేలాడుతున్నాయి. ఈ కొసనుంచి ఆ కొసదాకా వెలుతురు పడి మెరుస్తున్నాయి. మూడేళ్లుగా వాటి కింద అన్నం తిన్నాను. అవి తీగలని చూడడం నాకు అదే మొదటిసారి.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. జెండా కింద పడేసి పక్కకు పరుగెత్తాలి. నేను జెండా ఊపాను. రెండు చేతులా ఎత్తి, గొంతు చించుకొని అరుస్తూ, పిచ్చివాడిలాగా ఊపాను. అంత దూరంనుంచి అతనికి కనపడేది తెల్లగుడ్డ ఒక్కటే. అది ఊగితే ఇంకా బాగా కనపడింది. విమానం నేరుగా నా మీదికే వచ్చింది. జెండా పారేయాలని తోచేసరికి అతని టోపీ కూడా కనపడుతోంది.

చక్రాలు తగిలాయి. తీగ తెగిన చప్పుడు కొరడా విసిరినట్టు ఉంది. తెగిన కొస నా పక్కనే సాలు పొడవునా మట్టి లేపుకుంటూ పోయింది. విమానం ఒక పక్కకు ఒరిగి, అవతలి చేనిలో ముక్కు గుచ్చుకొని పడింది. రేకు పెట్టె పగిలింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. తెల్లటి పొడి లేచి, మంచుతో కలిసి, నిదానంగా కిందికి దిగుతూ ఉంది. నాకు నా చేతులు కూడా కనపడలేదు.

ఆ తెలుపులోంచి అతను నడుచుకుంటూ వచ్చాడు. జుట్టు, కనుబొమలు, పెదవులు, బూట్లు, అన్నీ తెల్లగా ఉన్నాయి. ఒంటి మీద ఎక్కడా నెత్తురు లేదు. చూసి నేను వెనక్కి అడుగు వేశాను. బతికున్న మనిషని నాకు తోచలేదు.

"ఏం తగిలిందప్పా?" అని అడిగాడు, దారి అడిగినంత మామూలుగా.

"తీగ."

"యాడ ఉండాది?"

చూపించాను. తల ఎత్తి, మిగిలిన రెండు తీగల వైపు చాలాసేపు చూశాడు. "నాకేమీ కనపడ్లా," అని అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. నీళ్లు అడిగాడు. తాగిన నీళ్లు వెంటనే ఎర్రగా బయటికి వచ్చాయి.

వ్యవసాయ శాఖ జీపులో అతన్ని మదనపల్లెకు బయలుదేరదీశాం. మెకానిక్కు ముందు కూర్చున్నాడు. నేను వెనక అతని తల ఒళ్లో పెట్టుకున్నాను. దారి పొడుగునా గాలికి అతని జుట్టులోంచి పొడి లేచి నా కళ్లల్లో పడుతోంది. గంగవరం దాటాక కళ్లు తెరిచాడు.

"లిస్టులో ఉండిందా అది?"

నా ఉద్యోగం, మా నాయన, ఇన్‌స్పెక్టరు మొహం, ఖాకీ నిక్కరు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. సిగ్గుతో చచ్చిపోతూ చెబుతున్నాను, వచ్చాయి.

"ఉండిందప్పా," అన్నాను.

"అయితే నేనే మరిసిపోయినా," అన్నాడు. కాసేపటికి మళ్లీ, "ఎట్ల మరిసిపోయినా?" అన్నాడు. పుంగనూరు వచ్చేదాకా ఆ మాటే అనుకుంటూ వచ్చాడు. నన్ను అడగలేదు, తనను తనే అడుక్కున్నాడు.

మరునాటి మధ్యాహ్నం ఆసుపత్రిలో పోయాడు. లోపల పేగులు చితికిపోయాయన్నారు. తల్లి తెల్లచీరతో, డ్యూటీలో నిలబడ్డట్టే మంచం పక్కన నిలబడి ఉంది. ప్రార్థన అయ్యాక శవపెట్టె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. అది మోయడానికి నాకు అర్హత లేదని అరుద్దామనిపించింది. అరవలేదు.

విచారణకు మద్రాసునుంచి ఒక అధికారి వచ్చాడు. కరెంటున్న లైన్లన్నీ లిస్టులో ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను, అది నిజమే. తగిలిన లైనులో కరెంటు ఉందా అని అడిగాడు. లేదన్నాను, అదీ నిజమే. తాను మరిచిపోయానని పైలట్ తన నోటితోనే చెప్పాడని తల్లి వాంగ్మూలం ఇచ్చింది. దాంతో లిస్టు తెరిచి చూడకుండానే కాగితాలు కట్టేశారు. మా ఇన్‌స్పెక్టరు నా భుజం తట్టి, గండం గడిచిందన్నాడు. నిద్రపోతున్న ఆ పాత కాగితం మాత్రం వారం తిరక్కుండా లేచి వచ్చింది. ఆ లైను విప్పి తెమ్మని నన్నే పంపారు. మూడు తీగలూ చుట్ట చుట్టాను. చుడుతుంటే అరచేతులకు తెల్లపొడి అంటింది.

అయిదారు నెలలకు ఒక మధ్యాహ్నం ఆ తల్లి మా ఆఫీసు గుమ్మం ముందు నిలబడి ఉంది. నన్ను బయటికి పిలిచింది.

"మావాడు మీ తీగ తెంచినాడు. దానికి నీకేమన్నా మాట వచ్చిందాప్పా?"

"లేదమ్మా."

"నువ్వు సెప్పింది మరిసిపోయి అంత పని సేసినాడు. నీకు మాట వస్తే నాకు పాపం. వాని బదులు నేను అడుక్కుంటాండాను, మనసులో పెట్టుకోవద్దు."

ఆమె చేతులు జోడించింది. ఆ చేతుల్ని పట్టుకొని దించడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. ఆ క్షణం భూమి చీలి నన్ను మింగినా బాగుండుననిపించింది.

"ఇంకొకటి," అంది. "ఆ సోటు నాకు సూపిస్తావా? ఎప్పుడన్నా కుప్పం పక్క పొయ్యేటప్పుడు."

ఆ ఆదివారమే తీసుకుపోయాను. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. చేను కోత అయిపోయి బీడుగా ఉంది. మధ్యాహ్నం ఎండ. ఒక్క పిట్ట అరుపు లేదు. స్తంభాలు పీకిన గుంతలు వరసగా ఉన్నాయి, అంతే. నేను నిలబడ్డ చోటు చూపించాను, విమానం వచ్చిన దిక్కు చూపించాను, పడిన చోటు చూపించాను.

"తీగ యాడ ఉండింది?"

గాలిలోకి వేలు చూపించాను, ఈ గుంతనుంచి ఆ గుంతదాకా గీత గీసినట్టు. ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని అక్కడే చూస్తూ నిలబడింది. ఏమీ లేనిచోట అంతసేపు చూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. కాసేపటికి నాకూ అక్కడ మూడు తీగలు మెరుస్తున్నట్టే అనిపించింది.

అప్పుడు చెప్పేశాను. లిస్టులో ఆ లైను లేదని, నేను రాయలేదని. నడిచి చూసొద్దామని అతను అంటే ఏమీ లేదు పడుకోమన్నది నేనేనని. జెండా పారేయకుండా ఊపానని. గంగవరం దగ్గర అడిగితే అబద్ధం చెప్పానని. గుంత గట్టున కూలబడి చెప్పాను.

ఆమె నా వైపు తిరగలేదు.

"మావాడు మరిసిపోలేదా అయితే?"

"లేదమ్మా."

"సిన్నప్పుడు అంగట్లో పది సరుకులు సెప్పి పంపితే పదీ తెచ్చేటోడు. ఎట్ల మరిసినాడా అని ఈ ఆర్నెల్లు నిద్ర లేదు నాకు. మరిసిపోలేదు. అదేదో వానికి సెప్పింటే ఆ ఒక్క రాత్రన్నా నిమ్మళంగా పడుకునేటోడు కదప్పా. ఎట్ల మరిసినా అమ్మా, ఎట్ల మరిసినా అని తెల్లారేదాకా ఏడ్సినాడు."

నన్ను తిట్టలేదు. నేను క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. పోలీసులకు చెప్పమన్నా, మా ఆఫీసరుకు చెప్పమన్నా చెప్పేవాణ్ణే. అదే మాట అన్నాను కూడా.

"నీ ఉద్యోగం పోతే వాడు లేస్తాడా? పద, బస్సు టైమయింది," అని ఆమె ముందు నడిచింది.

నేను వెనక నడిచాను. పోయిన స్తంభాల గుంతల వరస దారికి అడ్డంగా ఉంది. రెండు గుంతల మధ్యకు వచ్చేసరికి ఆమె ఆగి, చీర కొంగు తల మీదికి లాక్కొని, నడుము దాకా వంగి, ఆ చోటు కిందుగా దాటింది. తీగ ఎంత ఎత్తులో ఉండేదో ఆమెకు తెలియదు.

"వంగొద్దమ్మా," అన్నాను. "ఆడ ఇప్పుడు తీగ లేదు."

ఆమె అవతలికి పోయి, నిటారుగా నిలబడి, ఆ రోజంతటిలో మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"నీకు ఆ పొద్దు కూడా తీగ లేదు కదప్పా," అంది.

నేను తల వంచి, వంగి దాటాను.